కొత్త పాఠ్యప్రణాళిక మీద జనాన్ని అడగమన్నారు, ఎలా అడగాలి?

#1 నల్లబల్ల

అందరికీ నమస్తే. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. కొత్త పాఠ్యప్రణాళిక ముసాయిదా మీద తల్లిదండ్రుల దగ్గర, టీచర్ల దగ్గర, పిల్లల దగ్గర అభిప్రాయాలు తీసుకునే బృందంలో నన్ను వేశారు. నేను సెలవు పెట్టిన రోజే మీటింగ్ జరిగింది కాబట్టి నా పేరు ఏకగ్రీవంగా ఖాయమైంది.

చేతికిచ్చినవి రెండు. ఒకటి ముసాయిదా, లావుపాటి పీడీఎఫ్. రెండోది అభిప్రాయ సేకరణ ఫారం. అందులో మొదటి ప్రశ్న ఇదీ: "విద్య పిల్లల సర్వతోముఖాభివృద్ధికి తోడ్పడాలని మీరు భావిస్తున్నారా? అవును / కాదు / చెప్పలేను." కాదు అని టిక్ పెట్టే తల్లిని నేనింతవరకు చూడలేదు. చెప్పలేను అనేవాళ్లెవరైనా ఉంటే మాత్రం ఒకసారి కలవాలనుంది.

మిగతా పదకొండు ప్రశ్నలదీ ఇదే వరస. ఆరు వారాల టైముంది. కావాలంటే ఫారం మార్చుకోండి అన్నారు, అదొక్కటే ఊరట. ఎలా అడిగితే పనికొచ్చే మాట బయటికొస్తుంది? ఇంతకు ముందు ఇలాంటి పని చేసినవాళ్లుంటే చెప్పండి. ఉపన్యాసాలు మాత్రం వద్దు, అవి మీటింగుల్లో బోలెడు విన్నాను.

#2 చివరి బెంచి

టీచర్ గారూ, టెన్షన్ పడకండి. ఇదంతా మమ అనిపించే కార్యక్రమం. పుస్తకాలు ఎప్పుడో రాసేసి ఉంటారు, అట్ట రంగొక్కటే తేలాల్సి ఉంటుంది. ఫారాలు పంచండి, ఫొటో తీయండి, పంపేయండి.

#3 పాత హాజరుపట్టీ

చివరి బెంచి గారి నిరాశ నాకు కొత్త కాదు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ని. కానీ అన్నిటినీ ఒకే గాటన కట్టేయకండి.

1993లో యశ్‌పాల్ కమిటీ పిల్లల చదువు భారం మీద నివేదిక ఇచ్చింది. సంచి బరువు సంగతి అందరికీ గుర్తుంది. అసలు బరువు అది కాదు, పాఠం అర్థం కాకపోవడమే అంతకన్నా పెద్ద బరువు అని అందులో ఉన్న మాట మాత్రం చాలామందికి గుర్తులేదు. పన్నెండేళ్ల తర్వాత, 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తయారుచేసిన సారథ్య సంఘానికీ ఆ యశ్‌పాల్ గారే అధ్యక్షుడు. విషయాలవారీగా 21 బృందాలు కూర్చుని ఆధార పత్రాలు రాశాయి. ముసాయిదాను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లోకీ మార్చారు. 28 పత్రికల్లో ప్రకటన వేసి జనాన్ని అడిగారు. ఎన్ని ఉత్తరాలొచ్చాయో తెలుసా? 1,500 పైచిలుకు.

దేశం మొత్తానికి పదిహేను వందలు! ఇప్పటివాళ్లకు నవ్వొస్తుంది. 2020 జాతీయ విద్యావిధానానికి రెండు లక్షలకు పైగా సూచనలు వచ్చాయని కేంద్రం చెప్పింది. మరి లక్షలొచ్చినదే గొప్ప సంప్రదింపా అంటే, ఆ లెక్క నాకు ఒప్పుదల కాదు. 2005లో ఆ 21 పత్రాలు మా స్టాఫ్ రూం దాకా వచ్చాయి. తిట్టుకున్నాం, వాదించుకున్నాం. "పిల్లవాడు జ్ఞానాన్ని తనే నిర్మించుకుంటాడు" అన్న మాట మీద మా సైన్సు మాస్టారు, నేను రెండు రోజులు మాట్లాడుకోలేదు. కాగితం మీద సంతకం పెట్టి పంపడం కన్నా ఆ తగువే అసలు సంప్రదింపు అని నా ఉద్దేశం.

#4 చివరి బెంచి

మాస్టారూ, గౌరవంగానే అడుగుతున్నా. మీ ఇద్దరి తగువు ఢిల్లీకి చేరిందా?

#5 పాత హాజరుపట్టీ

చేరలేదు నాయనా. మా తరగతి గదుల్లోకి చేరింది. అదేం తక్కువ కాదు.

#6 వరుససంఖ్య

నల్లబల్ల మేడం, నేను ఆ పక్క నుంచి చెబుతాను. ఇలాంటి ఒక సంప్రదింపులో వచ్చిన అభిప్రాయాలను విడదీసి ఎక్సెల్‌లో ఎక్కించే కాంట్రాక్టు పని చేశాను. ఏ చోటో అడక్కండి.

పొద్దున్నే వచ్చి కూర్చుంటే వరుసలు అలా కిందికి పోతూనే ఉండేవి. చదవగా చదవగా కుప్పలు వాటంతటవే కనిపిస్తాయి. మొదటి కుప్ప: "చాలా బాగుంది, అభినందనలు." రెండోది, ముసాయిదాతో సంబంధం లేనివి. బదిలీలు, యూనిఫాం, బస్సు టైమింగులు, ఫీజులు. ఆ బాధలు నిజమైనవే, కానీ మా టేబుల్ మీద వాటికి గడి లేదు. మూడోది నకలు ఉత్తరాలు. ఒకే వాక్యం, ఒకే కామా, ఒకే అక్షరదోషం, కింద పేర్లే వేరు. "పాఠ్యంశం" అని దీర్ఘం ఎగిరిపోయిన మాట వందల ఉత్తరాల్లో యథాతథంగా వచ్చింది. ఎవరో ఒకరు రాసి వాట్సాప్‌లో తిప్పినట్టున్నారు. వీటిని ఒకటిగా లెక్కించాలా, వందలుగా లెక్కించాలా అని పైవాళ్లు పూటంతా చర్చించుకున్నారు. ఎవరి వైపు ఉత్తరాలన్నదాన్ని బట్టి సమాధానం మారేది, అది వేరే కథ.

నాలుగో కుప్ప అన్నిటికన్నా లావు. "ఫలానాది చేర్చండి." కంప్యూటర్ చేర్చండి, వ్యవసాయం చేర్చండి, యోగా చేర్చండి, ట్రాఫిక్ రూల్స్ చేర్చండి, పొదుపు చేర్చండి. అన్నీ మంచివే. ఒక్కరైనా "ఇది తీసేసి అది చేర్చండి" అని రాస్తారేమోనని చూశాను. వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, రెండో చెయ్యి అక్కర్లేదు.

ఇక అయిదో కుప్ప, బంగారం లాంటిది. ఫలానా పేజీ, ఫలానా పేరా, ఈ మాట ఉంది, ఇలా ఉంటే బాగుంటుంది, కారణం ఇదీ. ఎక్కువగా టీచర్లు రాసేవాళ్లు. ఒక గణితం టీచర్ దశాంశాలు అయిదో తరగతిలో ముందు వచ్చి, వాటికి ఆధారమైన భిన్నాల పాఠం తర్వాత వస్తోందని చూపించారు. ముసాయిదా రాసినవాళ్లు అది చదివి నిజమే అని తలపట్టుకుని మార్చారు. ఒక్క ఉత్తరం! పైన చెప్పిన వందల నకళ్లకు ఆ శక్తి లేకపోయింది.

చివర్లో ఒక కాలమ్ ఉండేది, "తీసుకున్న చర్య" అని. అందులో డ్రాప్‌డౌన్ పెట్టారు. మొదటి ఆప్షన్ "గమనించడమైనది". మిగతా వాటి కోసం కిందికి స్క్రోల్ చేయాలి. సాయంత్రం ఆరున్నరకు ఎవరు స్క్రోల్ చేస్తారు చెప్పండి. నా చేత్తో నేనే ఎన్ని "గమనించడమైనది"లు కొట్టానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

#7 ఇద్దరి నాన్న

ఆ నాలుగో కుప్పలో నేనూ ఉన్నానండీ. ఒకసారి ఇలాగే అడిగితే పొదుపు, ప్రథమ చికిత్స, కోడింగ్, స్వీయరక్షణ నాలుగూ చేర్చమని రాశాను. రాసిన రోజు దేశసేవ చేసినట్టు అనిపించింది. అదే ఏడాది మా పెద్దాడి హోంవర్క్ ఎక్కువైందని హెచ్‌ఎం గారితో గొడవ కూడా పెట్టుకున్నాను. రెంటికీ లంకె ఉందని ఇది చదివాకే తట్టింది.

#8 లసాగు

నాకిష్టమైన చోటికి వచ్చారు. చేర్చండి అనేవాళ్లందరికీ ముందు ఈ లెక్క చూపించాలి.

విద్యాహక్కు చట్టం షెడ్యూల్ ప్రకారం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు, 1,000 బోధన గంటలు ఉండాలి. 1 నుంచి 5 వరకైతే 200 రోజులు, 800 గంటలు. పై తరగతులే తీసుకుందాం. వెయ్యి గంటలంటే నలభై నిమిషాల పీరియడ్లు 1,500. మూడు భాషలు, గణితం, సైన్సు, సోషల్ కలిపి ఆరు. ఒక్కోదానికి రోజుకో పీరియడ్ ఇస్తే ఆరు ఇరవైరెండులు నూట ముప్పై రెండు, పక్కన సున్నా: 1,320. మిగిలింది 180.

వారానికి ఆరు రోజుల చొప్పున 220 రోజులంటే సుమారు 37 వారాలు. వారానికో పీరియడ్ అంటే ఏడాదికి 37 పీరియడ్లు. అంటే ఆ 180లో వారానికి అయిదు కూడా నిండా రావు. ఆటలకు రెండు, డ్రాయింగుకు ఒకటి, లైబ్రరీకి ఒకటి వేస్తే 148 అయిపోయాయి. చేతిలో ఉన్నవి 32. పరీక్షల రోజులు ఇంకా తీయలేదు. వానకు సెలవిచ్చిన రోజులు తీయలేదు.

ఇప్పుడు చెప్పండి, ఇద్దరి నాన్న గారి నాలుగూ, మిగతా జనం అడిగిన నలభయ్యీ ఆ ముప్పై రెండులో సర్దాలి. చట్టం చెప్పింది కనీస గంటలే, పెంచుకోవచ్చు, నిజమే. పెంచితే ఆ గంటలు పిల్లల సాయంత్రాల్లోంచి వస్తాయి. గాల్లోంచి రావు.

2021లో ఆస్ట్రేలియా వాళ్లు తమ పాఠ్యప్రణాళికను సమీక్షించినప్పుడు, కిక్కిరిసిపోయినదాన్ని పలచన చేయడమే పని అని ముందే ప్రకటించి ముసాయిదా బయటపెట్టారు. ఏప్రిల్ 29 నుంచి జులై 8 వరకు అభిప్రాయాలు తీసుకున్నారు. గొడవలు మామూలుగా జరగలేదు. కానీ మరుసటి ఏడాది ఖరారైనదాంట్లో పాఠ్యాంశాల సంఖ్య అయిదో వంతు దాకా తగ్గింది. "ఏం కావాలి?" అని అడిగితే జాబితా వస్తుంది. "ఏం లేకపోయినా ఫర్వాలేదు?" అని అడిగితేనే ఆలోచన వస్తుంది.

#9 చివరి బెంచి

లసాగు గారి లెక్క బాగుంది. కానీ ఒక సంగతి. తీసేయాల్సిన చోట మాత్రం మనల్నెవరూ అడగరు. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి పరిణామ సిద్ధాంతం తీసేసినప్పుడు అభిప్రాయ సేకరణ ఫారం మీ ఇంటికొచ్చిందా? కొవిడ్ టైంలో భారం తగ్గింపు అని మొదలుపెట్టి, తర్వాత తీసేసింది తీసేసినట్టే ఉంచేశారు. 2023 ఏప్రిల్లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది.

#10 అడ్మిన్

చర్చ బాగుంది. పార్టీల పేర్లు వస్తే మాత్రం తాళం వేస్తాను. ముందే చెబుతున్నా.

#11 పాత హాజరుపట్టీ

చివరి బెంచి గారు మంచి ఉదాహరణ తెచ్చారు, అయితే అది రెండు వైపులా కోస్తుంది. పరిణామ సిద్ధాంతం ఉండాలా వద్దా అని జనాన్ని అడిగి, ఎక్కువమంది వద్దంటే తీసేద్దామా? అది జనాన్ని అడగాల్సిన ప్రశ్నే కాదు. జీవశాస్త్రానికి అది వెన్నెముక. ఏ వయసులో చెప్పాలి, ఎంత లోతుగా చెప్పాలి, పిల్లల ఇంటి భాషలో చెప్పడానికి ఉదాహరణలేమిటి, ఇవి అడగొచ్చు. సైన్సు నిజమా కాదా అన్నదానికి చేతులెత్తించడం సంప్రదింపు అనిపించుకోదు.

నల్లబల్ల గారు ఫారం తిరగరాసే ముందు ఈ గీత గీసుకోవాలి. ఏది అడుగుతున్నాం, ఏది ఇప్పటికే ఖాయం అని మొదటి పేజీలోనే ఒప్పుకోవాలి. ఖాయమైపోయినదాన్ని అడుగుతున్నట్టు నటించడమే జనానికి ఒళ్లు మండించేది.

#12 వానదేశం

కొన్నేళ్లుగా మా మకాం బ్రిటన్‌లోని వేల్స్. పిల్లలిద్దరూ ఇక్కడి బళ్లోనే చదువుతున్నారు కాబట్టి కొత్త పాఠ్యప్రణాళిక తతంగం కళ్లారా చూశాను. 2015లో విద్యావేత్త గ్రాహమ్ డొనాల్డ్‌సన్ ఇక్కడి పాఠ్యప్రణాళిక మీద నివేదిక ఇచ్చారు, 68 సిఫారసులతో. ఆ తర్వాత కొన్ని బళ్లను మార్గదర్శక బడులుగా ఎంచుకుని, అక్కడి టీచర్లనే రాతపనిలో కూర్చోబెట్టారు. 2019 ఏప్రిల్లో ముసాయిదా పెట్టి జులై దాకా అభిప్రాయాలు తీసుకున్నారు. 2020 జనవరిలో ఖరారు. తరగతి గదుల్లోకి వచ్చింది 2022 సెప్టెంబరులో. మొదటి నివేదిక నుంచి ఏడేళ్లు!

మనవైపు 2023లో పాఠశాల విద్య పాఠ్యప్రణాళిక చట్రం తొలి ముసాయిదా ఏప్రిల్లో వచ్చి, తుదిరూపం ఆగస్టులో వచ్చింది. రెండూ సుమారు 600 పేజీలవే. మొదటి పేజీ నుంచి చదివి, పదిమందితో మాట్లాడి, ఆలోచించి రాసే తీరిక మామూలు టీచర్‌కి ఎక్కడుంటుంది?

అలాగని ఇక్కడ అంతా పూలబాట అనుకోకండి. టీచర్లకే స్వేచ్ఛ అన్నారు కాబట్టి ఏం చెప్పాలో స్పష్టంగా లేదని టీచర్లే విసుక్కుంటారు. మా పక్కింటావిడ ప్రైమరీ టీచర్. "ఇంత సంప్రదించి చివరికి మీ ఇష్టం అన్నారు" అని నవ్వుతుంది.

పక్కనే ఇంగ్లండ్ కథ ఇంకా తమాషా. 2013 ఫిబ్రవరిలో అక్కడ ముసాయిదా పెడితే చరిత్ర సిలబస్ మీద పెద్ద దుమారం. ప్రైమరీ పిల్లల నెత్తిన పొడుగాటి సంఘటనల జాబితా అని చరిత్రకారులే విరుచుకుపడ్డారు. డిజైన్, టెక్నాలజీ సబ్జెక్టులోనేమో వంట, తోటపని, సైకిల్ రిపేరు లాంటివి ముందుకొచ్చాయి. జేమ్స్ డైసన్ లాంటి తయారీదారులు ఇదా టెక్నాలజీ అని బాహాటంగానే అడిగారు. జులైలో రెండూ తిరగరాసి పెట్టారు. 2014 సెప్టెంబరు నుంచి అమలైంది ఆ తిరగరాసినదే. కాబట్టి మమ అనిపించేదే అన్నిసార్లూ అనలేం.

#13 చివరి బెంచి

మన దగ్గరా మారింది లెండి. 2019 మే 31న విద్యావిధానం ముసాయిదా బయటికి వచ్చింది, హిందీ గురించిన వాక్యం మీద గోల లేచింది, జూన్ 3కల్లా ఆ వాక్యం మారిపోయింది. మూడు రోజులు! అయితే అది ఎవరో ఫారం నింపినందుకు మారిందా, రోడ్డెక్కినందుకు మారిందా? మీరే చెప్పండి.

#14 వానదేశం

రోడ్డెక్కినందుకే. కానీ ముసాయిదా అని పెట్టబట్టే కదా రోడ్డెక్కడానికి టైం దొరికింది. నేరుగా జీవో వచ్చి ఉంటే?

#15 చివరి బెంచి

సరే, ఈ పాయింటు మీకు.

#16 తెలుగుసేత

ఒక మూల మిగిలిపోయింది, భాష. అనువాదం నా వృత్తి. ముసాయిదాలు తెలుగులోకి వస్తాయి, కానీ ఆ తెలుగు చదివి అభిప్రాయం చెప్పగలిగేవాళ్లు, ఇంగ్లిషు మూలాన్ని చదవగలిగినవాళ్లే!

ఒక మచ్చు. "నిర్మాణాత్మక మూల్యాంకనం." ఏడాది మధ్యలో పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో చూసుకోవడానికి పెట్టే చిన్న పరీక్షలను ఇలా అంటాం. నిర్మాణాత్మక విమర్శ అనే మాట కూడా ఇలాగే ఉండటంతో ఒక తండ్రి "మంచిగా, తిట్టకుండా మార్కులు వేయడమా?" అని అడిగాడు. తప్పు ఆయనది కాదు. "సంగ్రహణాత్మక మూల్యాంకనం" అంటే చివర్లో పెట్టే పెద్ద పరీక్ష అని ఎన్ని ఇళ్లలో తెలుస్తుంది? చిన్న పరీక్షలు, పెద్ద పరీక్ష అంటే పోయేదానికి!

ఇంకోటి, అభ్యసన ఫలితాల్లో, అంటే పాఠం అయ్యాక పిల్లలకు ఏం రావాలో చెప్పే వాక్యాల్లో, క్రియాపదాలు. "విద్యార్థి స్థానిక పరిపాలన ప్రాముఖ్యతను ప్రశంసిస్తాడు" అని ఉంటుంది. నల్లబల్ల గారూ, మీరు సోషల్ టీచర్. మీ తరగతిలో పిల్లవాడు ప్రశంసించాడో లేదో ఎలా తేలుస్తారు? చప్పట్లు కొడితే సరిపోతుందా? అదే "తమ వార్డులోని ఒక సమస్య మీద ఎవరికి అర్జీ పెట్టాలో కనుక్కుని, ఆ అర్జీ రాసి చూపగలుగుతారు" అని ఉంటే టీచర్‌కి తెలుస్తుంది, తల్లికి తెలుస్తుంది, పిల్లలకూ తెలుస్తుంది. అప్పుడు "ఇది ఏడో తరగతికి బరువా?" అని అడిగితే ఎవరైనా జవాబు చెప్పగలరు. మొదటి వాక్యం మీద ఎవరు మాత్రం ఏం అభిప్రాయం చెబుతారు, మంచిదే అనడం తప్ప?

నా సలహా: 600 పేజీలు చదవమని జనాన్ని అడగొద్దు. ఒక్కో తరగతికి రెండు పేజీల సారం, మామూలు తెలుగులో. మూలం కావలసినవాళ్లకు లింకు.

#17 టెన్త్‌అయిపోయింది

హాయ్ అందరికీ. మమ్మల్ని కూడా ఒకసారి అడిగారు. హెచ్‌ఎం సార్, క్లాస్ టీచర్, బయటి నుంచి వచ్చిన ఇద్దరు మేడమ్‌లు ముందు కూర్చున్నారు. "మీ పాఠాలు ఎలా ఉన్నాయమ్మా?" అన్నారు. అందరం "బావున్నాయ్ మేడం" అన్నాం. ఇంకేం అంటాం? ఇంటర్నల్ మార్కులు వేసేది ఆ పక్కన కూర్చున్న సారే కదా.

తర్వాత మా ఫ్రెండ్ ఒకడు నాతో అన్నాడు, "లెక్కల్లో నాకు ఆరో క్లాసు నుంచే అర్థం కావట్లేదు, అప్పట్నుంచి వెనక్కి వెళ్లే దారి ఏ పుస్తకంలోనూ లేదు" అని. అది వాడు అక్కడ చెప్పుంటే బాగుండేది. నల్లబల్ల మేడం, పేరు లేని చీటీలు పెట్టండి ప్లీజ్. టీచర్లు బయట ఉండాలి.

#18 పాత హాజరుపట్టీ

బాబూ, మొత్తం థ్రెడ్‌లో అసలు మాట నువ్వు చెప్పావు. 2022లో కేరళవాళ్లు తమ పాఠ్యప్రణాళిక మార్చేటప్పుడు ప్రజా చర్చలతో పాటు తరగతి గదుల్లో పిల్లలతోనూ చర్చలు పెట్టారు. మిగతావాళ్లు పిల్లల కోసం మాట్లాడతారు, పిల్లలతో మాట్లాడటం మాత్రం మరిచిపోతారు.

#19 లసాగు

సర్వేల గురించి ఒక హెచ్చరిక. ఆన్‌లైన్ లింకు ఇచ్చి, వచ్చిన జవాబుల్లో 82 శాతం ఇలా అన్నారు అని గ్రాఫు గీయకండి. (82 ఊరికే అన్నాను.) లింకు తెరిచేది ఫోను, తీరిక, ఆసక్తి మూడూ ఉన్నవాళ్లే. రాత్రి షిఫ్టు చేసే తండ్రి, చదవడం రాని నాయనమ్మ దగ్గర పెరిగే పిల్ల ఆ శాతంలో ఉండరు. అంకెలు కావాలంటే కొన్ని బళ్లను చీటీ తీసి ఎంచుకుని, అక్కడ అందరినీ అడగాలి. అది కుదరకపోతే అంకెలు వదిలేసి, ఏ కారణాలు వచ్చాయో రాయండి. ఒక మంచి కారణం ఒక్కరే చెప్పినా మంచి కారణమే. వరుససంఖ్య గారి దశాంశాల ఉత్తరం అదే కదా.

#20 నల్లబల్ల

అందరికీ చాలా థాంక్స్. మూడు వారాలు కనిపించలేదు, కారణం పనిలో మునిగిపోవడం. జరిగింది చెబుతాను.

ఫారం పక్కన పడేశాను. లసాగు గారి లెక్కను చార్టు మీద గీశాను. ఏడో తరగతి వారం టైం టేబుల్, ఆరు సబ్జెక్టుల గడులకు రంగు వేసి, మిగిలిన అయిదు గడులు తెల్లగా వదిలాను. (అయిదు నిండా రావని తెలుసు, ఉదారంగా ఇచ్చాను.) చీటీల మీద రాశాను: ఆటలు, ఆటలు (రెండోసారి), డ్రాయింగ్, లైబ్రరీ, కంప్యూటర్, పొదుపు, ప్రథమ చికిత్స, నీతి కథలు, తోటపని. తొమ్మిది చీటీలు, అయిదు గడులు. తల్లిదండ్రులను ఆరేసి మందిగా కూర్చోబెట్టి, సర్దండి అన్నాను.

మొదటి పది నిమిషాలు మొహమాటం. తర్వాత చూడాలి! దాదాపు ప్రతి గుంపూ ముందుగా తీసి పక్కన పెట్టింది ఆటల చీటీలే. ఒక గుంపులో అప్పటిదాకా నోరు విప్పని ఒక అమ్మ చెయ్యి చాచి, ఒక ఆటల చీటీ మళ్లీ గడిలో పెట్టింది. "మావాడు బడికొచ్చేదే దీనికోసం. ఇది తీస్తే మిగతావన్నీ చెప్పడానికి వాడు ఉండడు" అంది. ఇంకెవరూ దాన్ని కదపలేదు.

ఇంకో గుంపులో కిరాణా లెక్కలు రాసే ఒకాయన, పొదుపుకి వేరే పీరియడ్ ఎందుకు, లెక్కల పుస్తకంలో వడ్డీ పాఠం ఉందిగా, అక్కడ ఉత్త అసలు, కాలం, రేటు బదులు నిజం పాస్‌బుక్ పెట్టి చెబితే చాలదా అన్నాడు. అంతే, పొదుపు చీటీ టైం టేబుల్‌లోంచి లేచి లెక్కల గడి మీద అతుక్కుంది. దాన్ని చూసి పక్క గుంపువాళ్లు ప్రథమ చికిత్సను సైన్సులో రక్తప్రసరణ పాఠం మీదికి జరిపారు. నేను ఒక్క మాట చెప్పలేదు. ఇన్నాళ్లూ "చేర్చాలా వద్దా" అని కొట్టుకుంటున్నాం, వీళ్లు "ఎక్కడ" అన్న ప్రశ్నకి అరగంటలో వచ్చేశారు.

అన్నీ సాఫీగా సాగలేదు. నీతి కథల దగ్గర ఒక గుంపు విడిపోయింది, ఎవరి నీతి అని. ఆ చీటీ ఎక్కడా పెట్టకుండానే లేచి వెళ్లారు. రెండు అభిప్రాయాలూ రాసి పంపుతున్నాను, నడిమికి తేల్చే పని నాది కాదు.

పిల్లల చీటీలు టీచర్లు లేకుండానే రాయించాం. డబ్బా తెరిస్తే ఎక్కువ చీటీల్లో సినిమా హీరోల పేర్లున్నాయి, ఊహించిందే. కానీ ఒక చీటీలో ఇలా ఉంది: "అర్థం కాకపోతే మళ్లీ అడిగే పీరియడ్ ఎప్పుడు?" అలాంటివి ఇంకో ఏడెనిమిది ఉన్నాయి, మాటలు వేరు. దీన్ని సూచనగా ఎలా రాయాలో తెలియక రాత్రంతా కూర్చున్నాను. చివరికి, ప్రతి యూనిట్ తర్వాత రెండు పీరియడ్లు వెనక్కి వెళ్లడానికి వదలాలి, వాటి కోసం ఫలానా మూడు పాఠాలు తీసేయొచ్చు అని పేజీ నంబర్లతో సహా రాశాను. ఆ మూడింటిలో రెండు నా సోషల్ పాఠాలే. మనసొప్పలేదు, అయినా రాశాను.

#21 వరుససంఖ్య

మేడం, అది అయిదో కుప్పలోకి వెళ్తుంది, రాసిపెట్టుకోండి. పేజీ నంబరు, కారణం, ఏం తీయాలి మూడూ ఉన్నాయి.

ఒక్క పని మిగిలింది. వచ్చినవాళ్లకు తిరిగి చెప్పడం. మీరు పైకి ఏం పంపారో ఒక కాగితం మీద రాసి నోటీసు బోర్డుకి అంటించండి. పైనుంచి జవాబొస్తే దాని పక్కనే. రాకపోతే "జవాబు రాలేదు" అని తేదీ వేసి రాయండి. న్యూజిలాండ్‌లో 2006లో ముసాయిదా పెడితే పదివేలకు పైగా స్పందనలు వచ్చాయి, మరుసటి ఏడాది తుదిరూపం ఇచ్చారు. అన్ని వేలు కాకపోయినా మీకొచ్చిన రెండు వందల్లో ప్రతిదానికీ ఒక గీత జవాబు ఇవ్వొచ్చు.

నా పాత ఎక్సెల్ నమూనా మీకు మెసేజ్‌లో పంపాను. డ్రాప్‌డౌన్‌లో "మార్చాం", "మార్చలేదు, కారణం", "వేరే చోట ఉంది, పేజీ", "మా పరిధిలో లేదు, ఎవరికి రాయాలి" అని నాలుగే ఉన్నాయి. "గమనించడమైనది" తీసేశాను.

#22 చివరి బెంచి

నోటీసు బోర్డు ఫొటో పెట్టండి టీచర్ గారూ. జవాబొచ్చినా రాకపోయినా. నేను ఓడిపోయానని ఇప్పుడే ఒప్పుకోను, మీ ఫొటో చూశాక ఒప్పుకుంటానేమో.

#23 ఇద్దరి నాన్న

నా నాలుగు సూచనల్లో రెంటికి గడి దొరికింది. కోడింగ్, స్వీయరక్షణ వెనక్కి తీసుకుంటున్నాను. హోంవర్క్ గొడవ కూడా.

#24 నల్లబల్ల

బోర్డు మీద కాగితం అంటించాను, ఫొటో రేపు పెడతాను, ఇవాళ కెమెరా మీద సుద్దపొడి.

అన్నట్టు మరిచిపోయాను. మొదటి వారంలో పొరపాటున పాత ఫారాలు కొన్ని ఇళ్లకు వెళ్లిపోయాయి. నిన్న అవి సర్దుతుంటే కనిపించింది, మొదటి ప్రశ్నకి ఎవరో నిజంగానే "చెప్పలేను" మీద టిక్ పెట్టారు. కింద పెన్సిల్‌తో రాసి ఉంది: "సర్వతోముఖాభివృద్ధి అంటే ఏంటో చెప్తే చెప్తాను."